వాకిట్లో అంబాసిడర్: ఇంటి మరమ్మతు ఎంతవరకు?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 1957లో మొదలైన అంబాసిడర్ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. కొత్త బండి రావడం మానివేసి పదేళ్ళు దాటినా, మన పట్టణాలలోనూ పల్లెలలోనూ ఆ కారు ఉన్న ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. కొందరికి అది తాతగారు కొన్న బండి. మరికొందరికి టాక్సీగా తిరిగి తిరిగి చివరకు ఇంటికి చేరిన బండి. ముందు బెంచీ సీటుపై ముగ్గురు, వెనుక మరో ముగ్గురు, మధ్యలో ఇరుక్కున్న పిల్లలు, డిక్కీ నిండా మూటాముల్లె. ఇలా పెళ్ళికో పండుగకో బయలుదేరిన జ్ఞాపకం ఆ ఇళ్ళన్నిటిలోనూ ఉంటుంది. దానిని అమ్మడానికి మనసొప్పదు. ఉంచుకొందామంటే షెడ్డు ఖర్చు భయపెడుతుంది. అందుచేత చాలామంది స్పానరు తామే చేతబట్టుకొంటున్నారు. వారిని మేము వారించము, ప్రోత్సహిస్తాము కూడా. అయితే ఏ పని ఇంటి వాకిట్లో చేసుకోవచ్చు, ఏ పని చేయరాదు అనే గీతను ముందే గీసుకోవాలి. ఆ గీత ఎక్కడ ఉండాలో చెప్పడానికే ఈ వ్యాసం.

అంబాసిడర్ ఇంటి మరమ్మతుకు అనువైన బండి అన్నది నిజం. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని రూపొందించింది. అది కంప్యూటర్లు లేని కాలం. యజమాని తన పనిముట్ల పెట్టెతో తానే బాగుచేసుకొంటాడన్న నమ్మకంతో తయారైన యంత్రం. బానెట్ ఎత్తితే ఇంజిన్‌కు ఇరుప్రక్కలా చేయి దూరేంత ఖాళీ ఉంటుంది. ముందు నిలువుగా అమర్చిన ఇంజిన్, దాని వెనుక క్లచ్చు, గేర్ బాక్సు, అక్కడి నుండి వెనుక ఇరుసు వరకు పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, ఇరుసు మధ్యలో మెకానిక్కులు క్రౌన్ అని పిలిచే డిఫరెన్షియల్, అన్నిటినీ మోసే కమాన్లు. ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు చేరుతుంది. ఏ భాగానికి ఆ భాగం విడిగా ఉంటుంది కాబట్టి ఒకదాని కోసం మరొకదానిని విప్పవలసిన అవస్థ తక్కువ. నేటి కార్లలో ఇంజిన్, గేర్ బాక్సు, క్రౌన్ మూడూ ముందు భాగంలోనే ఒకదానిని ఒకటి హత్తుకొని ఉంటాయి. వాటితో పోలిస్తే ఇది తెరచిన పుస్తకమే.

పనిముట్లు కొనేటప్పుడు ఒక సంగతి గమనించాలి. పాత 1489 సి.సి. ఇంజిన్ గల బండ్లలో నట్లు, బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. బజారులో సులభంగా దొరికే మిల్లీమీటర్ స్పానర్లు వాటికి సరిగా పట్టవు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానిపై 13 నంబరు స్పానరు వేసి బలంగా త్రిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రబడిపోతాయి. ఆపైన దానిని విప్పడానికి ఉలి, సుత్తి తప్ప మార్గం ఉండదు. 1992 తరువాత వచ్చిన 1817 సి.సి. ఇసుజు ఇంజిన్ బండ్లలో ఆ ఇంజిన్‌కు మాత్రం మిల్లీమీటర్ స్పానర్లే కావాలి. మన బండిలో ఉన్న ఇంజిన్ ఏదో తెలియకుండా పనిముట్లు గాని, విడిభాగాలు గాని కొనరాదు. టాక్సీగా తిరిగిన బండ్లలో కాగితాలలో ఉన్నది ఒక ఇంజిన్, బానెట్ క్రింద ఉన్నది మరొకటి అయ్యే అవకాశమూ ఉంది. అది తేలితే రవాణా కార్యాలయంలో సరిచేయించుకోవడం మొదటి మరమ్మతు.

జాకీ ఎత్తే ముందు

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్న పాఠకులు ఈ భాగం చదవవలసిందిగా కోరుతున్నాము.

కారును కదలకుండా ఆపడానికి మనకు రెండు ఉపాయాలు అలవాటు: హ్యాండ్ బ్రేకు లాగడం, గేరులో ఉంచడం. అంబాసిడర్‌లో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకొంటుంది. గేరు కూడా వెనుక చక్రాలనే పట్టుకొంటుంది, ఎందుకంటే ఇంజిన్‌తో సంబంధం ఉన్నవి అవే. ముందు చక్రాలను పట్టి ఉంచేది ఏదీ లేదు. కనుక వెనుక భాగాన్ని జాకీతో ఎత్తగానే ఆ రెండు ఉపాయాలూ గాలిలో తిరుగుతాయి. వెయ్యి కిలోలకు మించిన బండి, స్వేచ్ఛగా దొర్లే రెండు ముందు చక్రాలపై, ఒక సన్నని ఇనుప స్తంభంపై నిలిచి ఉంటుంది. వాకిలి ఏమాత్రం వాలుగా ఉన్నా అది జాకీ మీదుగా జారి ముందుకో వెనుకకో పోతుంది.

ఒక్క వెనుక చక్రాన్నే ఎత్తినప్పుడు గేరు ఆపుతుందని కొందరు భావిస్తారు. అదీ పొరపాటే. డిఫరెన్షియల్ పని ఏమిటంటే రెండు వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనివ్వడం. నేలపై ఉన్న చక్రం దొర్లితే గాలిలో ఉన్న చక్రం ఎదురు దిశలో తిరిగి దానికి దారి ఇస్తుంది. గేరు తన స్థానంలో తాను ఉంటుంది, కారు మాత్రం కదిలిపోతుంది. అప్పుడు ఆపగలిగినది నేలపై మిగిలిన ఆ ఒక్క చక్రపు హ్యాండ్ బ్రేకు మాత్రమే. పాత బండిలో దాని తీగ ఎంత సాగి ఉందో ఎవరు చెప్పగలరు?

అందుచేత వెనుక భాగం ఎత్తే ముందు రెండు ముందు చక్రాలకూ ముందూ వెనుకా అడ్డు చెక్కలు పెట్టాలి. గుండ్రని రాయి చాలదు. చక్రం క్రిందికి దూరే ఏటవాలు చెక్క కావాలి. నేల గట్టిగా, సమంగా ఉండాలి. మట్టి నేల అయితే జాకీ క్రింద మందపాటి పలక వేయాలి. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. ఎత్తిన తరువాత ఇరుసు క్రింద రెండు ఇనుప స్టాండ్లు పెట్టి, బరువు వాటిపైకి దించి, బండిని చేతితో ఊపి చూసి, అప్పుడే క్రిందికి వెళ్ళాలి. స్టాండ్లు లేనివారు ఇటుకలు పేరుస్తున్నారు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. తలపై వెయ్యి కిలోలు ఉన్నప్పుడు ఇటుకను నమ్మడం సాహసం అనిపించుకోదు. స్టాండ్లు కొనే వరకు బండి క్రిందికి వెళ్ళవలసిన పని ఇంటిలో చేయవద్దని మా మాట.

మరొకటి. అసర్ తరువాత మొదలుపెట్టి మగ్రిబ్ లోపల ముగిద్దామనుకొన్న పని ఎన్నడూ ముగియదు. తొందరలోనే చేతులు నలుగుతాయి. సెలవు రోజున ఉదయమే మొదలుపెట్టండి. పిల్లలు నేర్చుకోవాలని చుట్టూ చేరడం మంచిదే, వారికి పనిముట్లు అందించే పని ఇవ్వండి. కాని బండి ఎత్తి ఉన్నంతసేపు తలుపు తీసి లోపల కూర్చోవడం, డిక్కీ మీద ఎక్కడం కూడదని ముందే గట్టిగా చెప్పాలి.

గ్రీజు, ఆయిలు

అంబాసిడర్ ఎక్కువగా పాడయ్యేది గ్రీజు అందక. ముందు చక్రాల స్వివెల్ పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివరల ఉండే క్రాసులకు, మరికొన్ని చోట్ల గ్రీజు నిపుల్స్ ఉంటాయి. నేటి కార్లలో ఇవి మూసివేసి వస్తాయి కాబట్టి కొత్త తరం మెకానిక్కులు వాటి ఉనికినే మరచిపోతున్నారు. గ్రీజు గన్ను పెట్టే ముందు నిపుల్‌పై మట్టిని గుడ్డతో తుడవాలి, లేకుంటే గ్రీజుతో పాటు ఇసుకను కూడా లోపలికి ఎక్కించినవారమవుతాము. పాత నల్లని గ్రీజు బయటకు వచ్చి కొత్తది కనిపించే వరకు కొట్టాలి. ఎంత కొట్టినా ఏమీ బయటకు రాకుంటే నిపుల్ మూసుకుపోయిందని అర్థం. దానిని విప్పి మార్చడం కొద్ది నిమిషాల పని.

షాఫ్టు క్రాసు అరిగిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. రివర్సు నుండి మొదటి గేరుకు మార్చి క్లచ్చు వదలగానే నేల క్రింద నుండి ‘టక్’ మని శబ్దం వస్తుంది. బండిని స్టాండ్లపై ఉంచి, ఇంజిన్ ఆపి, క్రాసుకు ఇరుప్రక్కలా చేతులు వేసి ఎదురెదురుగా త్రిప్పితే వదులు చేతికే తెలుస్తుంది. దానిని నిర్లక్ష్యం చేసినవారి షాఫ్టు నడిరోడ్డుపై ఊడి నేలను కొట్టే ప్రమాదం ఉంది.

ఇంజిన్ క్రింద నేలపై పడే ఆయిలు చుక్క గురించి చాలామంది బెంగపడతారు. పాత 1489 ఇంజిన్‌లో వెనుక భాగాన నేటి ఇంజిన్లలో వలె రబ్బరు సీలు లేదు. క్రాంక్ షాఫ్టుపై మరచుట్ల వంటి గాడులు ఉండి, తిరిగేటప్పుడు ఆయిలును వెనుకకు నెట్టుతాయి. ఆపినప్పుడు రెండు చుక్కలు కారడం దాని స్వభావం. రాత్రికి ఒక అరచేయంత మరక పడితే రేకు పళ్ళెం పెట్టి ఊరుకోవచ్చు. గుంట కడితే మాత్రం చూడాలి.

వెనుక ఇరుసు విషయం వేరు. అక్కడి పళ్ళ చక్రాలు హైపాయిడ్ రకానివి కాబట్టి వాటికి ప్రత్యేకించిన 90 నంబరు ఈ.పీ. గేర్ ఆయిలే పోయాలి. ఇంజిన్ ఆయిలు పోస్తే పళ్ళు కొరుక్కుపోతాయి. ఇరుసుపై గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే వేడెక్కిన గాలి బయటకు పోలేక ఆయిలును సీళ్ళ గుండా చక్రాల వైపు నెట్టుతుంది. ఆ ఆయిలు బ్రేకు షూలను తడుపుతుంది. బ్రేకు పట్టడం లేదని షూలు మార్చి మార్చి విసిగిన యజమానులకు అసలు దోషం ఆ రంధ్రంలో ఉన్నదని తట్టదు. వానాకాలం ముగియగానే ఒక సన్నని తీగతో దానిని శుభ్రం చేయాలి.

ఎస్.యు. కార్బురేటర్ ఉన్న బండ్లలో దాని పైభాగాన మూత విప్పితే చిన్న కడ్డీ వస్తుంది. ఆ గొట్టంలో పలుచని ఆయిలు ఉండాలి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ నొక్కగానే బండి తడబడుతుంది. ప్లగ్గులు, పాయింట్లు, పెట్రోలు పంపు అన్నీ మార్పించి, చివరకు రెండు చెంచాల ఆయిలుతో పోయే జబ్బు ఇది. ప్లగ్గు సందు 0.025 అంగుళం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.015 అంగుళం ఉండేటట్లు ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి. ట్యాపెట్లు కాస్త శబ్దం చేస్తే చేయనివ్వండి. శబ్దం పూర్తిగా పోయేటట్లు బిగిస్తే వాల్వులు కూర్చోక కాలిపోతాయి.

మార్చిన ఆయిలును మురుగు కాలువలో పోయరాదు. ప్లాస్టిక్ డబ్బాలో పట్టి, పాత ఆయిలు సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. కాలిన ఆయిలు చర్మానికి హానికరం కూడా. చేతికి పొరగా అంటిన గ్రీజు వుజూ నీటికి అడ్డుపడుతుంది కాబట్టి మన ఇళ్ళలో రబ్బరు తొడుగుల అవసరం రెండింతలు.

బ్రేకులు

మొదట చెప్పిన గీత ఇక్కడ అందరికంటె ఎక్కువగా అక్కరకు వస్తుంది. పాత అంబాసిడర్‌లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. నాలుగింటికీ ఒకే గొట్టపు దారి. ఒక్క రబ్బరు హోసు పగిలినా పెడల్ నేలకు తాకుతుంది. నాలుగు చక్రాలూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అందుచేత బ్రేకు హోసులను చూపుతో సరిపెట్టకుండా వంచి పరీక్షించాలి. ఉపరితలంపై సన్నని పగుళ్ళు కనిపిస్తే మార్చాలి. వాటి ధర పెద్దది కాదు.

షూల ఎడం సరిచేయడం ఇంటిలో చేసుకోదగిన పనే. అడ్జస్టర్‌ను చక్రం పట్టుకొనే వరకు బిగించి, మళ్ళీ చక్రం స్వేచ్ఛగా తిరిగే వరకు కొద్దికొద్దిగా వదలాలి. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులలో చేరితే తిరిగి రాదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. పిల్లలను దూరంగా ఉంచవలసిన పని ఇదొకటి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాట్ రోడ్డులో వేడికి మరిగి ఆవిరి అవుతుంది, పెడల్ స్పాంజివలె మెత్తబడుతుంది. రెండేళ్ళకొకసారి మొత్తం మార్చడం మేలు. మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బాలోని ఆయిలు వాడరాదు. ఇంజిన్ ఆయిలు ఒక్క చుక్క అందులో కలిసినా రబ్బరు కప్పులు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది.

గొట్టాలలోని గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ వద్ద, ఒకరు చక్రం వద్ద. భార్యాభర్తలు, తండ్రీకూతుళ్ళు కలిసి చేయడానికి ఇంతకంటె తగిన పని లేదు. పెడల్ వద్ద ఉన్నవారు నొక్కి పట్టుకొని ‘పట్టాను’ అనాలి. అప్పుడు చక్రం వద్ద ఉన్నవారు నిపుల్ వదులు చేయాలి, గాలి బుడగలు పోగానే బిగించి ‘వదలండి’ అనాలి. ఆ మాట వినబడక ముందే పాదం తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటె దూరాన ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. సిలిండర్ డబ్బాలో ఆయిలు అడుగంటకుండా మధ్యమధ్య పోస్తూ ఉండాలి. పని ముగిశాక పెడల్‌ను ఒక నిమిషం పాటు బలంగా అదిమి ఉంచండి. అది నెమ్మదిగా దిగిపోతూ ఉంటే ఎక్కడో కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండర్ కప్పులు అరిగాయి. అటువంటి బండిని వీధిలోకి కూడా తీయరాదు. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్ల లోపలి పని మొదటిసారి అనుభవజ్ఞుని చేత చేయించి, ప్రక్కన నిలబడి చూడండి. డబ్బు మిగల్చవలసిన చోట్లు వేరే ఉన్నాయి.

పెట్రోలు, వేసవి

దేశమంతటా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు. అంబాసిడర్ రబ్బరు భాగాలు దానిని ఎరిగినవి కావు. హోసులు, పంపులోని డయాఫ్రమ్ ఉబ్బడం, మెత్తబడడం, పగలడం జరుగుతుంది. ఇథనాల్‌కు తట్టుకొనే రకపు హోసులు వేయించి, క్లిప్పులు కొత్తవి బిగించాలి. కార్బురేటర్ వేడి సైలెన్సర్ గొట్టానికి ఎంత చేరువలో ఉంటుందో బానెట్ ఎత్తి చూసినవారికి ఈ ఖర్చు ఎందుకో చెప్పనక్కరలేదు. పెట్రోలు వాసన వస్తే బండి తీయడం మానండి.

మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఆగి మళ్ళీ స్టార్టు కాకపోవడం ఈ బండికి పాత అలవాటు. పంపులో పెట్రోలు ఆవిరై గాలి బుడగలా అడ్డుపడుతుంది. పంపుపై తడి గుడ్డ వేసి పది నిమిషాలు నీడలో ఉంచితే సరిపోతుంది. రేడియేటర్ మూత మాత్రం వేడిగా ఉన్నప్పుడు ముట్టరాదు.

గ్యాసు విషయం సూటిగా చెబుతాము. వంటింటి సిలిండర్‌ను డిక్కీలో పెట్టి బండి నడపడం చట్టవిరుద్ధం, దానిలో ప్రయాణించే అందరి ప్రాణాలకూ ముప్పు. అనుమతి పొందిన కిట్టు, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు లేని గ్యాసు బండిలో కుటుంబాన్ని ఎక్కించవద్దు. పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగు, ముందు చక్రాల టార్షన్ బార్ విప్పడం, స్టీరింగ్ ర్యాకు లోపలి పని కూడా ఇంటివి కావు.

మరి వాటికి ఎవరి వద్దకు వెళ్ళాలి? ఈ బండిని విని జబ్బు చెప్పే ఉస్తాద్‌లు తగ్గిపోతున్నారు. వారి షాగిర్దులు లాప్‌టాప్ తగిలించి చూసే కార్ల వైపు మళ్ళారు. విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్ ప్రాంతంలోనూ అడిగితే పాత చేతులు ఇంకా దొరుకుతాయి. పాత భాగాన్ని విప్పి చేతబట్టుకొని వెళ్ళండి. పేరు చెప్పి కొన్న భాగం సగంసార్లు సరిపోదు. ఉస్తాద్ పని చేస్తున్నప్పుడు మన పిల్లవానిని ప్రక్కన నిలబెట్టి చూడనివ్వమని అడగడంలో సిగ్గుపడవలసినది లేదు. ఆ విద్య ఇప్పుడు చూసి నేర్వకపోతే తరువాత అడగడానికి మనిషి ఉండడు.

ఖర్చు లెక్క వేసుకొనేవారు ప్రభుత్వ రుసుమును మరువరాదు. 15 ఏళ్ళు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచారు. ఐదేళ్ళకొకసారి బండిని తనిఖీకి తీసుకొనిపోవాలి. లైట్లు, బ్రేకులు, పొగ అక్కడ చూస్తారు. ఒక నోటు పుస్తకంలో ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద ఏమి మార్చారో వ్రాసి ఉంచితే ఆ రోజున వెదుకులాట తప్పుతుంది.

చివరగా టైర్లు. ఇంటి అంబాసిడర్ ఏడాదికి తిరిగేది తక్కువ కాబట్టి గాడులు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం వయసుతో గట్టిపడి పగుళ్ళు తేలుతుంది. టైరు ప్రక్క గోడపై చివరన ఉండే నాలుగు అంకెలు దాని పుట్టిన వారం, సంవత్సరం చెబుతాయి: 2319 అంటే 2019వ సంవత్సరపు 23వ వారం. నాలుగు చక్రాలూ చూసిన తరువాత డిక్కీ తెరిచి స్టెప్నీపై కూడా చూడండి. సాధారణంగా ఇంట్లో అందరికంటె పాత టైరు అదే.